ఐదేళ్ల తర్వాత దొరికిన ఐస్‌క్రీమ్ జాడ

కలుషిత ఆహారం వల్ల జబ్బులు ప్రబలినప్పుడు బ్యాక్టీరియా జీనోమ్ (దాని డీఎన్ఏ రాత) మొత్తం చదవాల్సిందేనన్న యూరోపియన్ యూనియన్ నిబంధనకు అమలు తేదీ 2026 ఆగస్టు 23. దాంతో ఆ డేటా ఎవరెవరు చూడొచ్చన్న పాత పేచీ మళ్లీ మొదలైంది. డీఎన్ఏ పాఠం వదిలేసి నేరుగా 2015 అమెరికాకు వెళ్దాం, ఎందుకంటే ఆ డేటా అంటే ఆహార కంపెనీలకున్న భయమంతా అక్కడే పుట్టింది.

ఆ ఏడాది సౌత్ కరోలినాలో మామూలు తనిఖీలో బ్లూ బెల్ కంపెనీ ఐస్‌క్రీమ్‌లో లిస్టీరియా అనే ప్రమాదకర బ్యాక్టీరియా బయటపడింది. కన్సాస్‌లో వేరే జబ్బులతో ఒకే ఆస్పత్రిలో చేరిన ఐదుగురికి లిస్టీరియా సోకింది, వాళ్లలో ఏం తిన్నారో తెలిసిన నలుగురూ ఆ ఐస్‌క్రీమ్‌తో చేసిన మిల్క్‌షేక్ తాగినవాళ్లే. ముగ్గురు చనిపోయారు. అధికారులు అక్కడితో ఆగకుండా పాత రికార్డులు తిరగేసి, రోగుల్లో దొరికిన బ్యాక్టీరియా జీనోమ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే, 2010లో జబ్బుపడ్డ మనిషి దాకా దారి దొరికింది. మొత్తం పది కేసులు, నాలుగు రాష్ట్రాల్లో. ఎక్కడో ఒకటీ అరా వచ్చే కేసుల్ని అంతకుముందు ఎవరు కలిపి చూస్తారు? 2020లో కంపెనీ నేరం ఒప్పుకుని 1.725 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది.

అప్పట్నుంచి కంపెనీల వాదన ఒకటే. ఫ్యాక్టరీలో డ్రెయిన్ దగ్గర దూదిపుల్లతో తీసిన శాంపిల్ రేపు కోర్టులో సాక్ష్యమైతే అసలు శాంపిలే తీయబుద్ధి కాదని, పైగా అదే బ్యాక్టీరియా ముడిసరుకుతో వచ్చి ఉండొచ్చని అంటాయి. రెండో మాటలో నిజముంది, అందుకే జీనోమ్ కలిసినా రోగి ఏం తిన్నాడో, సరుకు ఎటు వెళ్లిందో అధికారులు విడిగా చూస్తారు.

అయితే కంపెనీలు తలుచుకోని ఇంకో కథ 2011 నాటిది. జర్మనీలో ఈ.కోలై అనే బ్యాక్టీరియాతో జనం చనిపోతుంటే, రోగుల్లోని రకంతో సరిపోల్చకముందే హాంబర్గ్ అధికారులు స్పెయిన్ కీరదోసకాయల పేరు బయటపెట్టేశారు. కాయల మీదున్నది వేరే రకమని తేలేసరికి రైతుల సరుకు కొనే దిక్కులేదు, అసలు దోషి మొలకలని తర్వాత తెలిసింది. సరిపోల్చి ఉంటే ఆ రైతులు బతికిపోయేవాళ్లు.

ఇక గోప్యత సంగతి. 2012లో మొదలైన అమెరికా జీనోమ్‌ట్రేకర్ అనే ల్యాబ్‌ల నెట్‌వర్క్‌లో సీక్వెన్సులు (చదివిన జీనోమ్‌లు) ఎవరైనా చూడొచ్చు, కంపెనీ పేరు మాత్రం సాధారణంగా కనిపించదు. అయినా అభ్యంతరాలు తగ్గలేదు.