పొగమంచులో అబద్ధం చెప్పే బండి

చిరంజీవులకు,

బళ్ళు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటే ప్రమాదాలు తగ్గుతాయి సరే, ఒక బండి అబద్ధమాడితే ఎలా అని అడిగారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

సాలూరు నుంచి సుంకి మీదుగా మా కొరాపుట్ వచ్చే ఘాట్ రోడ్డు మీకు తెలుసు. చలికాలంలో తెల్లవారుజామున పొగమంచు పట్టిందంటే మలుపు అవతల ఏముందో కనిపించదు. ఈ ఏర్పాటు బాగా అక్కరకొచ్చేది అలాంటి చోటే. ప్రతి బండీ తానున్న చోటు, వేగం, వెళ్ళే దిక్కు జీపీఎస్‌తో తెలుసుకుని, సెకనుకు దాదాపు 10 సార్లు రేడియోలో చుట్టుపక్కల బళ్ళకు చెబుతుంది. మన దారిలో తిరిగే లారీలకు ఇవి ఇంకా రాలేదు. వచ్చేలోపు మీరు దీన్ని అర్థం చేసుకోవాలని నా ఆశ.

ప్రతి కబురుకూ డిజిటల్ సంతకం ఉంటుంది, అంటే పంపింది గుర్తింపు ఉన్న పరికరమేనని, దారిలో ఎవరూ మార్చలేదని చూపే రహస్య సంకేతం. సంతకం సరైనదైనంత మాత్రాన లోపలి మాట నిజం కాదు. అందుకే విన్న బండి లెక్క వేసుకోవాలి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో దిగే లారీ రెండు కబుర్ల మధ్య ఒక్క మీటరే కదులుతుంది. 30 మీటర్లు వచ్చేశానంటే అది గంటకు 1,080 కిలోమీటర్ల వేగం! ఆ అబద్ధం అక్కడే దొరికిపోతుంది.

తెలివైన అబద్ధం వేరు. ప్రతిసారీ అసలు చోటుకు సరిగ్గా 50 మీటర్లు కలిపి చెబుతూ పోతే వేగం లెక్క ఎక్కడా చెడదు. అప్పుడు వేరే సాక్ష్యాలు వెతకాలి. మ్యాపులో ఆ చోటు రోడ్డా, లోయా? కెమెరాకో రాడార్‌కో అక్కడ బండి కనిపిస్తోందా? ఆరుబయట దూరం రెట్టింపైతే రేడియో బలం నాలుగో వంతుకు పడిపోతుంది. చెప్పిన దూరానికి ఆ బలం సరిపోతోందా? ఒకే పరికరం పది బళ్ళ పేర్లతో కబుర్లు పంపి లేని రద్దీని సృష్టించవచ్చు. ఆ పదింటి బలమూ ఒకేలా పెరిగి, ఒకేలా తగ్గుతుంటే అనుమానించాల్సిందే.

అయితే ఘాటులో తొందరపడకూడదు. కొండ అడ్డొస్తే రేడియో బలం తగ్గుతుంది. ఉపగ్రహ సంకేతం రాతి గోడకు తగిలి వస్తే నిజాయితీ గల బండి కూడా తన చోటు తప్పుగా చెబుతుంది. ఒక్క తేడాకే దాన్ని దొంగగా లెక్కగడితే, రేపు అది గట్టిగా బ్రేకు వేశానని చెప్పినా ఎవరూ వినరు. అది ప్రాణాల మీదికి వస్తుంది. కాబట్టి కబురు కబురుకూ అనుమానాన్ని కూడబెట్టి, పక్క బళ్ళ సాక్ష్యమూ కలిపి చూశాకే దాని సర్టిఫికెట్ (ఆ సంతకం చెల్లుతుందని చెప్పే గుర్తింపు పత్రం) రద్దు చేయమని, దాన్ని ఇచ్చినవాళ్ళకు ఫిర్యాదు పంపాలి.

ఇప్పుడు మీకొక చిక్కుముడి. మూడు బళ్ళు కూడబలుక్కుని ఒకే అబద్ధం చెబుతున్నాయి, నాలుగోది ఒంటరిగా నిజం చెబుతోంది. ఎక్కువమంది మాట నమ్మితే మోసపోతాం. మలుపు దగ్గర ఈ కబుర్లు వినే రేడియో స్తంభం ఒక్కటి నాటే వీలుంటే ఎక్కడ నాటుతారు? బొమ్మ గీసి పంపండి.

మీ తాతయ్య,
కొరాపుట్