తల్లిదో దారి, తండ్రిదో దారి

చలికాలం వచ్చిందంటే మన వేపచెట్ల ఆకుల్లోంచి ‘చిస్‌వీ’ అని ఒక సన్నటి పిలుపు వినిపిస్తుంది. పిట్ట మాత్రం ఓ పట్టాన కనబడదు. దాని పేరు గ్రీనిష్ వార్బ్లర్. లేత ఆకుపచ్చ ఒళ్లు, పది గ్రాముల లోపు బరువు. వీటిలో పశ్చిమ సైబీరియాలో పుట్టినవి టిబెట్ పీఠభూమిని పడమటి నుంచి చుట్టుకుని భారతదేశానికి వస్తాయి. తూర్పు సైబీరియాలో పుట్టిన వాటి దాయాదులు మన దిక్కే చూడవు, చైనా మీదుగా ఆగ్నేయాసియాకు పోతాయి. మధ్య సైబీరియాలో ఇవి రెండూ ఒకే అడవిలో గూళ్లు కడతాయి. అయినా ఒకదానితో ఒకటి దాదాపుగా జతకట్టవు.

పాటలు వేరైపోవడం అందుకు ఒక కారణం. వలస వెళ్లే దారి కూడా ఒక కారణమేమోనని డారెన్ ఇర్విన్ అనే జీవశాస్త్రవేత్త అనుమానించాడు.

ఇలాంటి చిన్న పిట్టలు చాలావరకు తొలి వలస ఒంటరిగా, రాత్రిపూట చేస్తాయి. ఎటు ఎగరాలో పుట్టుకతోనే తెలుసు. 1991లో ఆండ్రియాస్ హెల్బిగ్ అనే శాస్త్రవేత్త బ్లాక్‌క్యాప్ అనే యూరప్ పిట్టలతో ఈ సంగతి తేల్చాడు. నైరుతికి వెళ్లే జర్మనీ పిట్టలనూ, ఆగ్నేయానికి వెళ్లే తూర్పు ఆస్ట్రియా పిట్టలనూ జతకట్టించాడు. వలసకాలం రాగానే వాటి పిల్లలు పంజరంలో రెంటికీ మధ్యగా, దక్షిణం వైపు రెక్కలు కొట్టుకున్నాయి. మ్యాపులో ఆ దిక్కున ఉన్నవి ఆల్ప్స్ పర్వతాలు!

పంజరంలో ప్రాణభయం లేదు. బయట? కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో స్వైన్సన్స్ థ్రష్ అనే పిట్టల్లో రెండు రకాలు కలుస్తాయి, జతకడతాయి కూడా. తీరం వైపువి పసిఫిక్ అంచునే మెక్సికో, మధ్య అమెరికా చేరతాయి. లోపలివి తూర్పుగా చుట్టి దక్షిణ అమెరికాకు పోతాయి. కిరా డెల్మోర్ అనే శాస్త్రవేత్త, ఇర్విన్ కలిసి ఈ పిట్టల వీపుకు వెలుతురు నమోదుచేసే బుల్లి పరికరాలు కట్టారు. సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలను బట్టి పిట్ట ఏ రోజు ఎక్కడుందో లెక్కకట్టవచ్చు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం, రెండు రకాలకూ పుట్టిన సంకర పిట్టల్లో కొన్ని మధ్యదారి పట్టి, ఎండిన నేలలూ కొండలూ దాటాయి. కొన్ని పోయేటప్పుడు ఒక దారిలో పోయి, వచ్చేటప్పుడు ఇంకో దారిలో వచ్చాయి. ఒక మాట మరవకూడదు: పరికరం విప్పుకోవాలంటే పిట్ట తిరిగి రావాలి. రానివాటి కథ మనకు అందదు.

సంకర పిల్లలు దారిలోనే రాలిపోతుంటే రెండు వంశాల మధ్య జన్యువుల రాకపోకలు సన్నగిల్లుతాయి. తరాలు గడిచేకొద్దీ అవి వేరు జాతులయ్యే వీలు పెరుగుతుంది. మన గ్రీనిష్ వార్బ్లర్‌కే తూర్పు జోడీ దొరికి, పిల్ల మధ్యదారి పట్టిందనుకోండి. ఎదురుగా టిబెట్. సగటున 4,500 మీటర్ల ఎత్తు, చల్లటి ఎండు నేల, పురుగు ఏరుకుని తినడానికి చెట్టన్నదే అరుదు.