"దాని సైగలు నాకే అర్థమవుతాయి": వికలాంగుల అక్రమ రవాణాపై అపోహలు, వాస్తవాలు

వినికిడి లేనివారు సైగలతో చెప్పేదాన్ని పోలీసులకు, ఆశ్రయ గృహాల సిబ్బందికి తెలుగులో వినిపించడం నా పని. మనుషుల అక్రమ రవాణా కేసుల్లో కొన్ని మాటలు నాకు తరచూ వినబడుతుంటాయి.

అపోహ: వికలాంగులను ఎవరు కొంటారు?

వాస్తవం: నడవలేనివాడు పారిపోలేడని, మాట రాని అమ్మాయి ఫిర్యాదు చేయలేదని లెక్క వేసుకునేవాడు కొంటాడు. భిక్షాటనకు, వెట్టిచాకిరికి, లైంగిక దోపిడీకి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నేర చట్టం, భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ భిక్షాటనను కూడా దోపిడీగా పేరు పెట్టి చెప్పింది.

అపోహ: తీసుకెళ్లేది ముక్కూ మొహం తెలియనివాళ్లు.

వాస్తవం: నేను చూసిన కేసుల్లో ఎక్కువగా తెలిసినవాళ్లే. "మా తర్వాత దీన్ని ఎవరు చూస్తారు" అని కుమిలిపోయే తల్లిదండ్రుల దగ్గరకు కట్నం అడగని సంబంధం తెచ్చేది వాళ్లే. ఒకసారి స్టేషన్లో అమ్మాయి పక్కనే కూర్చున్న బంధువు, "దాని సైగలు నాకే అర్థమవుతాయి" అంటూ అన్నీ తానే చెప్పాడు. అతన్ని బయటికి పంపమని పట్టుబట్టాను. ఆమె బడికి వెళ్లలేదు, నేను నేర్చిన సైగల భాష ఆమెకు రాదు, ఇంటి సైగలే వచ్చు. బొమ్మలు గీసుకుంటూ రెండు గంటలు కూర్చున్నాం. ఆమె చెప్పిన కథలో ఆ బంధువు డబ్బు లెక్కపెడుతున్నాడు.

అపోహ: ఇష్టపడే వెళ్లింది కదా, ఇక కేసేమిటి?

వాస్తవం: అక్రమ రవాణా నేరానికి బాధితురాలి సమ్మతితో సంబంధం లేదని అదే సెక్షన్ చెబుతోంది.

అపోహ: ఇలాంటివారి సాక్ష్యం చెల్లదు.

వాస్తవం: కోర్టులో సైగలతో చెప్పినా అది నోటి సాక్ష్యమే. దుభాషి సాయం తీసుకోవాలి, వీడియో తీయాలి. అత్యాచారం వంటి నేరాల్లో వికలాంగ బాధితుల ఫిర్యాదును ఇంటి దగ్గర గానీ వారు కోరిన చోట గానీ నమోదు చేయాలి, దుభాషి లేదా ప్రత్యేక విద్యా బోధకుల సమక్షంలో. ఆ దుభాషి వెంట వచ్చిన బంధువు కాకుండా చూడండి.

అపోహ: విడిపించాక పని అయిపోయినట్లే.

వాస్తవం: అసలు పని అప్పుడే మొదలవుతుంది. వినికిడి యంత్రం, వైకల్య ధ్రువపత్రం, పింఛను వచ్చే బ్యాంకు కార్డు ఆ ముఠా దగ్గరే ఉండిపోతాయి. ఆశ్రయ గృహానికేమో అయిదు మెట్లు! వెట్టి నుంచి విడుదలైన వికలాంగులకు కేంద్ర పథకం కింద 3 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. దానికి వెట్టి నుంచి విడిపించినట్లు అధికారులిచ్చే విడుదల పత్రం కావాలి, విడిపించిన రోజే అడగండి.

అనుమానం వస్తే 112, మహిళలకు 181, పిల్లలకు 1098. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వవచ్చు, మన దగ్గర సాధారణంగా తహసీల్దారుకు. ఫోనులోనే వైకల్యం ఏమిటో చెప్పండి. చక్రాల కుర్చీ పట్టే బండి, సైగల భాష తెలిసిన మనిషి వెంట రావాలని అడగండి.