టోలీన్, థిన్నర్: అంబత్తూరు షెడ్డుల్లో నేను వినే అపోహలు, అసలు వాస్తవాలు

చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామిక వాడలో పెయింట్లు, జిగురు తయారుచేసే యూనిట్లలో పంతొమ్మిదేళ్ళుగా భద్రతా అధికారిగా పనిచేస్తున్నాను. మా దగ్గర చేరేవారిలో నెల్లూరు, చిత్తూరు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుర్రాళ్ళు చాలామంది. మొదటి రోజు వాళ్ళకు తెలుగులోనే శిక్షణ ఇస్తాను. నేను గంటసేపు చెప్పినదాన్ని మర్నాడు పాతవాళ్ళు ఒక్క ముక్కలో కొట్టిపారేస్తారు: "ఇన్నేళ్ళుగా చేస్తున్నాం, మాకేమైంది?" ఆ మాటకు జవాబుగానే ఇది రాస్తున్నాను. రాసేది ముఖ్యంగా టోలీన్ గురించి. రంగును, జిగురును పలచబరచడానికి మనం వాడే చాలా థిన్నర్లలో పెద్ద వాటా దానిదే.

అపోహ: నిండు డ్రమ్ముతోనే భయం, ఖాళీ డ్రమ్ముతో ఏ ఇబ్బందీ లేదు.

వాస్తవం: మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. గాలిలో టోలీన్ ఆవిరి సుమారు 1.1 శాతం నుంచి 7.1 శాతం దాకా ఉన్నప్పుడు నిప్పు అందుకుంటుంది. అంతకన్నా పలచనైతే ఆవిరి చాలదు, చిక్కనైతే గాలి చాలదు. ఇప్పుడు 200 లీటర్ల డ్రమ్ము తీసుకుని లెక్క వేయండి. అందులో గాలి 1.1 శాతానికి చేరాలంటే దాదాపు 10 మిల్లీలీటర్ల టోలీన్ చాలు. రెండు టీ చెంచాలు. డ్రమ్మును ఎంత బోర్లించినా అంచు మడతలో అంతకన్నా ఎక్కువే మిగిలిపోతుంది.

మన ఊరి వేడి ఈ లెక్కను ఇంకా చెడగొడుతుంది. 30 డిగ్రీల దగ్గర, అడుగున కాస్త టోలీన్ మిగిలిన మూసిన డ్రమ్ములో ఆవిరి 5 శాతానికి దగ్గరగా ఉంటుంది. అంటే సరిగ్గా మండే అవధి నడుమన. అదే వేడిలో అసిటోన్ డ్రమ్ము లోపల ఆవిరి మరీ చిక్కబడి, మూత తీసేదాకా లోపల మండలేని స్థితిలో ఉంటుంది. టోలీన్ అలా కాదు. చెన్నైలో ఏడాదిలో ఎక్కువ రోజులు దాని డ్రమ్ములో పేలగల మిశ్రమం సిద్ధంగా ఉంటుంది.

2019 వేసవిలో చెన్నై నీళ్ళకు కటకటలాడిన రోజులు గుర్తున్నాయి కదా. నీళ్ళు పట్టుకోవడానికి ఏ డ్రమ్ము దొరికినా చాలనుకున్న రోజులు. ఒక సాయంత్రం పాత ఇనుప సామాన్ల కొట్టు ముందు నుంచి వెళ్తూ, ఒకాయన థిన్నర్ డ్రమ్ము మీద ఉలి పెట్టి సుత్తి ఎత్తడం చూశాను. బండి అక్కడే వదిలేసి పరుగెత్తాను. ఆయనకు కోపం వచ్చింది. వారం రోజులుగా అదే పని చేస్తున్నాడట. ఉలి దెబ్బకు లేచే ఒక్క రవ్వ చాలని, పైమూత ఎగిరి ఆయన మొహానికే తగులుతుందని నచ్చజెప్పడానికి అరగంట పట్టింది. ఆయన తప్పేమీ లేదు. ఆ డ్రమ్మును కడగకుండా అమ్మినవాళ్ళది తప్పు. రసాయనాలు అంటిన ఖాళీ డ్రమ్ములు 2016 నాటి నిబంధనల కింద ప్రమాదకర వ్యర్థాలు. అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి గానీ వీధి కొట్టుకు తూకానికి వేయకూడదు. ఎంత కడిగినా వాటిలో తాగునీరు పట్టకూడదు.

అపోహ: అగ్గిపుల్లో సిగరెట్టో లేకపోతే అంటుకోదు. పైగా చెన్నై ఉక్కపోతలో స్టాటిక్ కరెంటు పుట్టదు.

వాస్తవం: ఇది నేను ఎప్పటికీ మరచిపోలేని విషయం. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక యూనిట్‌లో, నవంబరు వానల్లో, ఒక కుర్రాడు స్టాండు మీది డ్రమ్ము నుంచి ప్లాస్టిక్ బకెట్‌లోకి టోలీన్ పడుతున్నాడు. బకెట్‌కు ఉన్న ఇనుప చేతికమ్మిని కుళాయికి దగ్గరగా పట్టుకున్నాడు. బకెట్ సగం నిండగానే మంట లేచింది. ముంజేయి కాలింది. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేసరికి వాడు బీడీ కాల్చాడనే మాట షెడ్డంతా పాకిపోయింది. వాడికి బీడీ అలవాటే లేదు.

జరిగింది ఇది. టోలీన్ గొట్టంలోంచి, గరాటులోంచి జారుతున్నప్పుడు విద్యుదావేశం పుడుతుంది. టోలీన్‌లో విద్యుత్తు దాదాపు ప్రవహించదు కాబట్టి ఆ ఆవేశం త్వరగా బయటికి పోలేదు. ప్లాస్టిక్ బకెట్‌కు తగిలించిన ఇనుప కమ్మికి నేలతో సంబంధం లేదు. ఆవేశమంతా అక్కడ చేరి, కుళాయి దగ్గరకు రాగానే రవ్వగా దూకింది. టోలీన్ ఆవిరిని అంటించడానికి 0.24 మిల్లీజౌళ్ళ శక్తి చాలు. మన వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 1 మిల్లీజౌల్ కావాలి. అంటే చేతికి తెలియని రవ్వ కూడా మంట పెట్టగలదు. గాలిలోని తేమ వస్తువుల ఉపరితలం మీది ఆవేశాన్ని కొంత తగ్గిస్తుంది గానీ, ప్రవహిస్తున్న ద్రవం లోపల పుట్టేదాన్ని ఆపలేదు. ఆ రోజు బయట వాన కురుస్తూనే ఉంది.

అందుకే ప్లాస్టిక్ బకెట్లు, ప్లాస్టిక్ గరాటులు టోలీన్ దగ్గరికి రాకూడదు. డ్రమ్మునూ, పట్టే లోహపు డబ్బానూ తీగతో కలపాలి, డ్రమ్ము నుంచి ఎర్తుకు మరో తీగ వెళ్ళాలి. కుళాయి తిప్పకముందే క్లిప్పులు పెట్టాలి, పని పూర్తయ్యాకే తీయాలి. క్లిప్పు రంగు మీద కరిచి కూర్చుంటే ఉన్నా లేనట్టే. దాని పళ్ళు లోహాన్ని తాకాలి. ద్రవాన్ని పైనుంచి దబదబా పోయకుండా, గొట్టాన్ని అడుగుదాకా దించి నెమ్మదిగా నింపాలి.

అపోహ: టోలీన్ కూడా కిరోసిన్ లాంటిదే.

వాస్తవం: కిరోసిన్ 35 డిగ్రీలో అంతకు మించో వేడెక్కితేగానీ మంట అందుకునేంత ఆవిరి ఇవ్వదు. టోలీన్‌కు 4 డిగ్రీలు చాలు. చెన్నైలో మార్గశిరపు తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు.

అపోహ: గోడకు ఎత్తుగా ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాం, ఆవిరి పైకి పోతుంది.

వాస్తవం: టోలీన్ ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు. నేల మీద పాకుతుంది, గుంటల్లో నిలుస్తుంది, కాలువ వెంట పక్క షెడ్డు దాకా వెళ్తుంది. ఒక్క లీటరు ఒలికి పూర్తిగా ఆవిరైతే దాదాపు 20 ఘనమీటర్ల గాలిని, అంటే ఒక చిన్న గది మొత్తాన్ని, మండే స్థితికి తేగలదు. కాబట్టి గాలిని లాగే తూము నేలకు దగ్గరగా ఉండాలి. పైనున్న ఫ్యాను మామూలు మోటారుదైతే అదే నిప్పుకు మూలం కావచ్చు.

మోటార్ల మాట వచ్చింది కాబట్టి: ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారు అంటే దాని పెట్టె లోపలికి ఆవిరి రాదని చాలామంది అనుకుంటారు. వస్తుంది. లోపల పేలవచ్చు కూడా. ఆ మంట బయటికి పాకకుండా పెట్టె ఆపుతుంది, అంతే. మూతకు ఒక్క బోల్టు తక్కువైనా ఆ రక్షణ పోయినట్టే. నేను తనిఖీకి వెళ్ళిన ప్రతిసారీ ముందు బోల్టులే లెక్కపెడతాను.

అపోహ: వాసన తగ్గిందంటే ప్రమాదం పోయినట్టే. పని అయ్యాక బెల్లం ముక్క తిని పాలు తాగితే ఒంట్లోకి వెళ్ళినది విరిగిపోతుంది.

వాస్తవం: తగ్గింది వాసన కాదు, ముక్కు అలవాటుపడింది. గాలిలో ఎంత ఉందో మీటరు మాత్రమే చెప్పగలదు. టోలీన్ ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. తలనొప్పి, మత్తు, తూలు వస్తాయి. ఏళ్ళ తరబడి పీలిస్తే, యంత్రాల మోత కూడా తోడైతే, వినికిడి దెబ్బతింటుంది. ఒంట్లో చేరినదాన్ని కాలేయం మార్చి మూత్రంలో పంపేస్తుంది. అందులో బెల్లానికి ఏ పాత్రా లేదు. బెల్లం తినవద్దని నేను చెప్పను, దాన్ని నమ్ముకుని మాస్కు తీసేయవద్దని చెబుతాను. గుడ్డ మాస్కు, దుమ్ముకు వాడే మాస్కు ఆవిరిని ఆపవు. సేంద్రియ ఆవిరులను పట్టే గుళికలున్న మాస్కు కావాలి, గుళికలు గడువుకు మార్చాలి. చేతులకు అంటిన రంగును థిన్నర్‌తో కడగడం కూడా మానండి. చర్మంలోని నూనె పోయి పగుళ్ళు పడతాయి. కొబ్బరినూనె రాసి తుడిచి సబ్బుతో కడిగితే సరిపోతుంది.

ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు. వాంతి అవుతుండగా ఊపిరితిత్తుల్లోకి పోతే అదే ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, డబ్బా మీది లేబుల్ కూడా వెంట పట్టుకెళ్ళండి.

అపోహ: మంట లేస్తే ముందు నీళ్ళు కొట్టాలి.

వాస్తవం: టోలీన్ నీటికన్నా తేలిక, నీటిలో కలవదు. నీళ్ళ ధార కొడితే మండుతూనే తేలి కొత్త చోట్లకు పాకుతుంది. ఫోమ్, పొడి, చిన్న మంటకు కార్బన్ డయాక్సైడ్ వాడాలి. నీళ్ళు పక్కనున్న డ్రమ్ములను చల్లబరచడానికి.

అపోహ: ట్యాంకు కడగడానికి దిగినవాడు పడిపోతే వెంటనే దిగి పైకి తీయాలి.

వాస్తవం: ఇలా దిగినవాళ్ళు చాలాసార్లు మొదటివాడి పక్కనే పడిపోతారు. బరువైన ఆవిరి ట్యాంకు అడుగునే ఉంటుంది, అక్కడ ప్రాణవాయువు కూడా తక్కువ కావచ్చు. పడిపోయినవాడు సొంత తమ్ముడైనా సరే, గాలి సిలిండరు మాస్కు లేకుండా దిగకూడదు. నాకు ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంటుంది. మన కుర్రాళ్ళు ఒకే ఊరి నుంచి జతలుగా వస్తారు, ఒకడు పడిపోతే రెండోవాడు ఆగడు. అందుకే మా దగ్గర మీటరుతో గాలి పరీక్షించి, అనుమతి పత్రం మీద సంతకాలు పడ్డాకే ఎవరినైనా దింపుతాం. దిగేవాడి ఒంటికి భుజాల, తొడల మీదుగా పట్టీలు ఉంటాయి, వాటి తాడు పైన ట్యాంకు నోటి మీద నిలబెట్టిన మూడుకాళ్ళ స్టాండుకున్న చక్రానికి ఉంటుంది. పైన ఒకరు నిలబడతారు. టీ తేవడానికైనా, ఫోను ఎత్తడానికైనా ఆయన అక్కడి నుంచి కదలరు. లోపలివాడు పలకకపోతే ఆయన చేసేది రెండే పనులు: విజిల్ ఊదడం, చక్రం తిప్పడం.