డిగ్రీ తర్వాత ఒక ఏడాది ఆగితే? ఫ్రెషర్లను తీసుకునే టేబుల్ ఇవతలి నుంచి అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక మధ్యతరహా సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫ్రెషర్లను ఎంపిక చేసే పని నాది. రెజ్యూమెలు వడగట్టడం, ఫోన్లు చేయడం, ఇంటర్వ్యూలో ఒక పక్కన కూర్చోవడం, ఆఫర్ ఇచ్చాక కాగితాలు సరిచూడటం, రోజంతా ఇదే. బీటెక్ అవగానే ఉద్యోగంలో చేరకుండా ఏడాది ఆగుదామనుకునేవాళ్ళూ, ఆగాల్సి వచ్చినవాళ్ళూ, వాళ్ళకంటే ఎక్కువ టెన్షన్ పడే తల్లిదండ్రులూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. నేను చెప్పేది ఐటీ ఫ్రెషర్ల సంగతి. మెకానికల్, సివిల్ లాంటి కోర్ బ్రాంచ్‌ల దగ్గర కొన్ని మారతాయి.

అపోహ: ఏడాది గ్యాప్ వస్తే ఇక ఎవరూ తీసుకోరు

గ్యాప్ చూసి పక్కన పెట్టేది తక్కువ. పాసైన సంవత్సరం చూసి పక్కన పెట్టేది చాలా ఎక్కువ. ఒక ఓపెనింగ్ పెడితే వేలల్లో దరఖాస్తులు వచ్చి పడతాయి. అవి ఎక్సెల్ షీట్‌లోకి దిగగానే మేం మొదట ఫిల్టర్ పెట్టేది ‘ఇయర్ ఆఫ్ పాసింగ్’ కాలమ్ మీద. ఫలానా బ్యాచ్‌కే అని ప్రకటనలో ఉంటే మిగతా వరుసలన్నీ అక్కడికక్కడే మాయం. మీరు ఎందుకు ఆగారు, ఆ ఏడాది ఏం నేర్చుకున్నారు అన్నది నా కంటిదాకా రానే రాదు. ట్రైనింగ్ బ్యాచ్‌లు, జీతాలు అన్నీ ఆ ఏడాది బయటికొచ్చే పిల్లల లెక్కన ముందే ఖరారై ఉంటాయి. పైగా వేలను వందలకు కుదించడానికి అదో సులువైన దారి. ఇది న్యాయమా అంటే కాదనే అంటాను. కానీ నడుస్తున్నది ఇదీ.

కాబట్టి ఆగితే పోయేవి క్యాంపస్ ప్లేస్‌మెంట్, పెద్ద కంపెనీలు బ్యాచ్ పేరు పెట్టి చేసే భారీ నియామకాలు. రిఫరల్స్ (లోపల పనిచేసేవాళ్ళ సిఫారసు), చిన్న కంపెనీలు, స్టార్టప్‌లు, కోడింగ్ టెస్ట్ పెట్టి తీసుకునేవాళ్ళు ఎక్కడికీ పోరు. అక్కడ రెజ్యూమెను మనిషే చదువుతాడు, గ్యాప్ గురించి చెప్పుకునే వీలుంటుంది. చేతిలో క్యాంపస్ ఆఫర్ ఉండి వదులుకోవాలనుకునేవాళ్ళు ఈ లెక్క ఒకటికి రెండుసార్లు వేసుకోండి. జాయినింగ్ వాయిదా వేస్తారేమో కంపెనీని అడగడంలో తప్పు లేదు. సరే అంటే మాత్రం మెయిల్‌లో పెట్టమనండి. రేపు ఆ సీట్లోకి ఇంకో హెచ్‌ఆర్ వస్తే ఫోన్‌లో చెప్పిన మాట చెల్లదు.

ఇక్కడ చాలామంది పడే గందరగోళం ఇంకోటి ఉంది. చదువు మధ్యలో వచ్చిన గ్యాప్ వేరు, చదువయ్యాక వచ్చిన గ్యాప్ వేరు. టీసీఎస్ ఫ్రెషర్ల నిబంధనల్లో కనిపించే ‘24 నెలలు మించకూడదు’ అన్న షరతు మొదటి రకానిది. ఇంటర్ తర్వాత లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పోయిన ఏడాది అందులోకి వస్తుంది. ఉన్న గ్యాప్‌ను తప్పక చెప్పాలనీ అక్కడే ఉంటుంది.

2022 బ్యాచ్‌లో ఆఫర్ లెటర్ పెట్టుకుని జాయినింగ్ డేట్ కోసం ఏడాది, కొందరైతే రెండేళ్ళు ఎదురుచూశారు. ఆ గ్యాప్ ఎలా వచ్చిందో మా ఫీల్డ్‌లో అందరికీ తెలుసు. ఆ లెటర్, కంపెనీతో నడిచిన మెయిల్స్ దాచుకోండి, చాలు.

అపోహ: గ్యాప్‌ను ఎక్స్‌పీరియన్స్‌గా చూపిస్తే గొడవ వదిలిపోతుంది

కోర్సుతో పాటే ఏదో కన్సల్టెన్సీ పేరు మీద ఎక్స్‌పీరియన్స్ లెటర్, పేస్లిప్‌లు ఇప్పిస్తామనేవాళ్ళు హైదరాబాద్‌లో ఏళ్ళ తరబడి ఉన్నారు. (అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని ఉన్నదున్నట్టు చెప్పి ఉద్యోగం కొట్టినవాళ్ళు ఎందరో. వాళ్ళ పేరు కూడా వీళ్ళే చెడగొడుతున్నారు.)

వెరిఫికేషన్ ఎలా జరుగుతుందో తెలిస్తే ఈ ధైర్యం చేయరు. మీరిచ్చిన లెటర్‌ను మేం పెద్దగా చూడం. యూఏఎన్, అంటే పీఎఫ్‌లో మీకిచ్చే నంబరు, అడుగుతాం. 20 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థకు పీఎఫ్ చట్టం వర్తిస్తుంది కాబట్టి, ఎక్కడ ఏ తేదీన చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది పీఎఫ్ సంస్థ (ఈపీఎఫ్‌ఓ) దగ్గరుండే సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది. పీఎఫ్ లేని చిన్న కంపెనీ అంటారా, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, జీతంలోంచి పన్ను (టీడీఎస్) కోసారని చెబితే ఆదాయపు పన్ను శాఖ దగ్గరున్న ఆ కోతల రికార్డు అడుగుతారు. ఇదంతా బయటి ఏజెన్సీ చేస్తుంది, రిపోర్ట్ ఒక్కోసారి మీరు చేరిన తర్వాత వస్తుంది. అప్పుడు ఉద్యోగం పోతుంది. ఆ తర్వాతి ఇంటర్వ్యూలో ఈ కొత్త ఖాళీకి ఏం కారణం చెబుతారు?

అంతదాకా కూడా వెళ్ళదు చాలాసార్లు. రెండేళ్ళు పనిచేశానన్న అబ్బాయిని ‘మీ కోడ్ ప్రొడక్షన్‌లోకి వెళ్ళేముందు ఎవరు చూసేవారు? తప్పు దొరికితే మీకెలా తెలిసేది?’ అని అడిగితే చాలు. నిజంగా చేసినవాడు ఎవరో సీనియర్‌ను తిట్టుకుంటూ పది నిమిషాలు చెబుతాడు. చేయనివాడు కోర్సులో చెప్పిన పాఠం అప్పజెబుతాడు.

అపోహ: గ్యాప్‌లో చేసిందంతా టెక్నికల్‌గా ఉండాలి, లేకపోతే చెప్పకూడదు

జనగామ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇంటర్వ్యూ చెబుతాను. నాన్నకు ఆపరేషన్ అయితే ఏడాది పాటు వాళ్ళ ఎరువుల దుకాణం ఆ అమ్మాయే చూసుకుంది. రెజ్యూమెలో ఆ ఊసే లేదు. బదులుగా వరసగా ఆన్‌లైన్ సర్టిఫికెట్లు. గ్యాప్ గురించి అడిగితే మొహమాటపడుతూ దుకాణం సంగతి చెప్పింది. ప్యానెల్‌లో ఉన్న మా సీనియర్ ఆసక్తిగా పద్దుల గురించి అడగడం మొదలుపెట్టాడు.

రైతులు వానాకాలంలో అరువు పట్టుకెళ్ళి, పంట అమ్మాక కడతారు. ఖాతా పుస్తకంలో ఒకే పేరుతో ముగ్గురు నలుగురు ఉండేవారట. ఒకరి జమ ఇంకొకరి పేజీలో పడి పంచాయితీలు. ఊరు, తండ్రి పేరు కలిపి రాసినా తేడాలు ఆగలేదు. చివరికి ఒక్కో రైతుకు ఒక నంబరు ఇచ్చి అంతా ఎక్సెల్‌లోకి ఎక్కించానంది.

‘నంబరు మర్చిపోయి వస్తే?’

‘ఫోన్ నంబరుతో వెతుకుతాను సార్. అన్నదమ్ములిద్దరూ ఒకే ఫోన్ ఇచ్చిన ఇళ్ళున్నాయి. అందుకే దాన్ని అసలు నంబరుగా పెట్టలేదు.’

ప్రైమరీ కీ (డేటాబేస్‌లో ఒక్కో వరుసను విడిగా గుర్తుపట్టే నంబరు) నిర్వచనం గడగడా అప్పజెప్పేవాళ్ళు మాకు రోజూ వస్తారు. దాని అవసరం ఎందుకొస్తుందో ఇలా చెప్పేవాళ్ళు అరుదు. ఆమెను తీసుకున్నాం.

రెజ్యూమెలో ఒక్క లైన్ చాలు: ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎందుకు ఆగారు, ఏం చేశారు. అనారోగ్యం అయితే జబ్బు పేరు రాయక్కర్లేదు, మాకు అనవసరం. ‘ఫ్రీలాన్సింగ్’ అని రాస్తే మాత్రం ఎవరికి చేశారు, ఎంత వచ్చింది అని అడుగుతాం. వీడియోలు చూసి తెచ్చుకున్న డజను సర్టిఫికెట్లకంటే మీరే కట్టి, నలుగురు వాడుతున్న చిన్న యాప్ ఒకటి ఉంటే దాని గురించి మాట్లాడుకోవచ్చు.

అపోహ: ఒక్క ఏడాది గట్టిగా చదివితే గవర్నమెంట్ జాబ్, రాకపోతే అప్పుడు చూసుకోవచ్చు

చదువు మీ చేతిలో ఉంటుంది, క్యాలెండర్ ఉండదు. తెలంగాణ గ్రూప్-1 చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ పడింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ జరిగితే పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెట్టారు, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. 2022లో ‘ఒక్క ఏడాది’ అనుకుని హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకున్నవాళ్ళు మెయిన్స్ రాసేసరికి రెండున్నరేళ్ళు దాటింది. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు.

అందుకే మొదలుపెట్టే ముందే ఇంట్లో కూర్చుని ఆపే తేదీ మాట్లాడుకోండి. నోటిఫికేషన్‌ను బట్టి పెట్టుకుంటే ఆ తేదీ ముందుకు జరుగుతూనే ఉంటుంది, కాబట్టి నెల, సంవత్సరం చెప్పి పెట్టుకోండి. సివిల్స్‌కు జనరల్ అభ్యర్థులకు వయసు 32 దాకా, ఆరు అటెంప్ట్‌లు ఉన్నాయి. 21కే అన్నీ వదిలేసి కూర్చోవాలన్న రూల్ ఎక్కడా లేదు.

ప్రిపరేషన్ నుంచి మా దగ్గరికి వచ్చినవాళ్ళని గ్యాప్ గురించి మేం పెద్దగా తవ్వం. మా అసలు అనుమానం వేరు: మళ్ళీ నోటిఫికేషన్ పడితే వెళ్ళిపోతారా? ఆ ప్రశ్న తప్పక వస్తుంది. ‘లేదు సార్, అది అయిపోయింది’ అన్నా, ‘ఉద్యోగం చేస్తూనే ఒకసారి రాస్తాను’ అన్నా తప్పు లేదు. నసిగితే మాత్రం కష్టం.

అపోహ: ఆగితే గేట్, జీఆర్‌ఈ స్కోర్లు పాడైపోతాయి

గేట్ స్కోరు ఫలితాల నుంచి మూడేళ్ళు చెల్లుతుంది. కాకపోతే అది ఎంటెక్‌కు. ఉద్యోగాలకైతే చాలా ప్రభుత్వరంగ సంస్థలు ఆ ఏడాది స్కోరే అడుగుతాయి. విదేశీ చదువులకు అడిగే పరీక్షల్లో జీఆర్‌ఈ ఐదేళ్ళు, ఇంగ్లిష్ పరీక్షలైన టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ రెండేళ్ళు. ఎంఎస్‌కు వెళ్ళేవాళ్ళకు గ్యాప్ అడ్డం కాదు, వీసా ఇంటర్వ్యూలో అడిగితే సూటిగా చెప్పగలిగితే చాలు.

అపోహ: అబ్బాయి ఆగితే ప్రిపరేషన్, అమ్మాయి ఆగితే సంబంధాలు చూడొచ్చు

దీన్ని అపోహ అనాలో ఇంకేమనాలో తెలీదు గానీ, జరుగుతున్నదైతే ఇదే. ఇంటర్వ్యూల్లో ‘పెళ్ళి ఎప్పుడు’ అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. అడగకూడదు. దానికి జవాబు చెప్పి తీరాల్సిన పని మీకూ లేదు, మాట పని మీదికి మళ్ళించండి. ఇంట్లో మాత్రం, ఏడాది ఆగుతానని అడిగే రోజే సంబంధాల మాట ఆ ఏడాది తేవద్దని కూడా ఒప్పించుకోవడం మంచిది. మధ్యలో అడిగితే వినే పరిస్థితి ఉండదు.

అపోహ: ఇంట్లోనే ఉంటే ఖర్చేముంది

ఎడ్యుకేషన్ లోన్ ఉన్నవాళ్ళు శాంక్షన్ లెటర్ తీసి చూడండి. సాధారణంగా కోర్సు అయ్యాక ఏడాదికి ఈఎంఐ మొదలవుతుంది, ఉద్యోగం వచ్చినా రాకపోయినా. మొదలవ్వకముందు కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. వీలైతే ఆ వడ్డీ అయినా నెలనెలా కట్టుకుంటూ పోవడం మేలు.

ఏదో ఒక ఆదాయం కావాలి, పూర్తి ఉద్యోగం ఇప్పుడే వద్దు అనుకునేవాళ్ళకు కేంద్రం నడిపే నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) ఉంది. ఏడాది శిక్షణ, నెలనెలా స్టైపెండ్, చివర్లో సర్టిఫికెట్. హైదరాబాద్‌లో ఈసీఐఎల్, బీడీఎల్, హెచ్‌ఏఎల్ లాంటి ప్రభుత్వరంగ సంస్థలు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లను తీసుకుంటుంటాయి. ఏయే సంవత్సరాల్లో పాసైనవాళ్ళు అర్హులో నోటిఫికేషన్‌లోనే రాస్తారు. డిగ్రీ తర్వాత ఏడాది, అంతకుమించి ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్ళను తీసుకోరు. కాబట్టి దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ కొనుక్కున్నవాళ్ళు దీనికి అప్లై చేయాలంటే ముందు అది చింపేయాలి.