‘పారనాయిడ్’ ఆల్బం: గిటార్ తరగతిలో తరచూ వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

గిటార్ నేర్చుకోవడానికి వచ్చేవారిలో రాక్ సంగీతం మీద మనసున్నవారు తొలినాళ్లలోనే అడిగే పాటల్లో ఇంగ్లాండుకు చెందిన హెవీ మెటల్ బృందం బ్లాక్ సబాత్‌వి తప్పకుండా ఉంటాయి. వాటిలోనూ ఎక్కువ భాగం 1970 సెప్టెంబరులో ఇంగ్లాండులో విడుదలైన వారి రెండో ఆల్బం ‘పారనాయిడ్’లోనివే. ఎనిమిది పాటలున్న ఈ ఆల్బం చుట్టూ యాభై ఏళ్లుగా అల్లుకున్న కథలు కూడా పాటలతో పాటే తరగతిలోకి వస్తుంటాయి. వాటిలో కొన్ని వినడానికి సరదాగానే ఉంటాయి కానీ, మరికొన్ని వాయించే చేతినీ వినే చెవినీ పక్కదారి పట్టిస్తాయి. గిటార్ బోధన వృత్తిగా ఉన్నవాడిగా, నా దగ్గరికి ఎక్కువగా వచ్చే అపోహలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: తీగల శ్రుతి బాగా తగ్గించినందువల్లనే ఈ ఆల్బంకు అంత బరువైన ధ్వని వచ్చింది.

వాస్తవం: ‘పారనాయిడ్’ ఆల్బంలో గిటార్ మామూలు స్టాండర్డ్ ట్యూనింగ్‌లోనే ఉంది. గిటారిస్టు టోనీ అయోమీ తీగలను మూడు అర్ధస్వరాలు కిందికి దించి రికార్డు చేయడం ఆ మరుసటి ఏడాది, అంటే 1971లో వచ్చిన మూడో ఆల్బం ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’తో మొదలైంది. ఈ రెండు ఆల్బంలనూ కలిపేసుకున్న విద్యార్థులు తీగలు వదులు చేసుకుని ‘ఐరన్ మ్యాన్’ వాయించబోయి, రికార్డుతో స్వరం కలవడం లేదని గిటార్‌ను తప్పుపడుతుంటారు.

ఈ అపోహకు మూలం అయోమీ చేతికి జరిగిన ప్రమాదం. బర్మింగ్‌హామ్‌లో లోహపు రేకుల కర్మాగారంలో పనిచేస్తున్న రోజుల్లో, పదిహేడేళ్ల వయసులో, ఆ ఉద్యోగపు చివరి రోజున యంత్రంలో చిక్కుకుని ఆయన కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కావడంతో తీగలు నొక్కవలసింది ఆ కుడిచేతి వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నారు, వాటి మీద తోలు అంటించుకున్నారు, మామూలు తీగలు నొక్కడం కష్టమై పల్చటి తీగలు వెతుక్కున్నారు. అటువంటి గిటార్ తీగల సెట్లు అప్పట్లో దొరకనందున బాంజో తీగలను కూడా వాడుకున్నారు. కాబట్టి చెయ్యి దెబ్బతినడం వల్ల శ్రుతి తగ్గిందన్న మాటలో కొంత నిజం లేకపోలేదు గానీ, అది ఈ ఆల్బం తరువాతి సంగతి. ఈ ఆల్బం నాటికి ఆయన చేసిన సర్దుబాటు తీగల మందంలోనూ, వేళ్ల మీద భారం తగ్గించే పవర్ కార్డుల (రెండు స్వరాలను కలిపి మోగించే పట్టుల) ఎంపికలోనూ కనిపిస్తుంది.

అపోహ: ఇది సైతానును కీర్తించే సంగీతం.

వాస్తవం: తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే కనుక కాస్త విడమరచి చెబుతాను. బృందం పేరు, మొదటి ఆల్బం లోపలి అట్టపై రికార్డు సంస్థ వారు బృందానికి చెప్పకుండానే ముద్రించిన తలకిందుల సిలువ, ఆ ఆల్బం మొదటి పాటలోని భయపెట్టే స్వరాలు, ఇవన్నీ కలిసి ఈ ముద్ర వేశాయి. నిజానికి బృంద సభ్యులు మెడలో వేసుకున్న సిలువలను చేసి ఇచ్చింది గాయకుడు ఆజీ ఆజ్‌బోర్న్ తండ్రి. ఆయన పనిముట్లు తయారుచేసే కార్మికుడు. ఇక ఆ మొదటి పాటలో వినిపించే, ‘దెయ్యపు స్వరాంతరం’ అని పేరుపడిన దూరం విషయానికి వస్తే, అది మన లెక్కలో షడ్జమం నుంచి ప్రతిమధ్యమం వరకు ఉన్న దూరమే. కల్యాణి రాగం సాధన చేసే పిల్లలు రోజూ ఆ మెట్టు మీద నిలబడుతూనే ఉన్నారు, వారికి ఏ హానీ జరగలేదు.

రెండో ఆల్బం సాహిత్యాన్ని చదివినవారికి ఈ ఆరోపణ ఎంత తేలికైనదో వెంటనే తెలుస్తుంది. పాటల్లో అధిక భాగం రాసింది బాస్ వాద్యకారుడు గీజర్ బట్లర్. ‘వార్ పిగ్స్’ పాటలో యుద్ధం నడిపే సేనానులూ రాజకీయ నాయకులూ తాము దాక్కుని పేదవారిని పోరుకు పంపుతారు. చివరి చరణంలో సైతాను నవ్వే మాట నిజమే, కానీ ఆ నవ్వు తీర్పు దినాన మోకాళ్ల మీద పాకుతూ క్షమాభిక్ష అడిగే ఆ పెద్దమనుషులను చూసి నవ్వే నవ్వు. ‘ఎలక్ట్రిక్ ఫ్యూనరల్’ అణుయుద్ధం గురించి, ‘హ్యాండ్ ఆఫ్ డూమ్’ వియత్నాం నుంచి హెరాయిన్ అలవాటుతో తిరిగివచ్చిన అమెరికా సైనికుల గురించి. ఆనాటి కుర్రకారుకు ఇది కట్టుకథల భయం అనిపించలేదు. బృందంలోని నలుగురూ పుట్టి పెరిగిన బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ ప్రాంతం రెండో ప్రపంచ యుద్ధపు బాంబుల గాయాలు ఇంకా మానని కార్మికవాడ. ఆజీ కబేళాలో పనిచేశారు, మోటారు కార్ల హారన్లు శ్రుతి చేసే కొలువులో కూడా కొంతకాలం ఉన్నారు. పూల గురించీ ప్రేమ గురించీ పాడుతున్న ఆనాటి సంగీతంలో తమ బతుకు వినిపించని శ్రోతలకు ఈ ఆల్బంలో అది వినిపించింది. దానికి లభించిన ఆదరణకు నాకు కనిపించే అసలు కారణం ఇదే.

అపోహ: ‘పారనాయిడ్’ పాట చుట్టూనే ఆల్బం మొత్తాన్ని రూపొందించారు.

వాస్తవం: ఇది పూర్తిగా తలకిందులైన కథ. ఆల్బంకు మొదట అనుకున్న పేరు ‘వార్ పిగ్స్’. అట్ట మీద కత్తీ డాలూ పట్టుకున్న మనిషి ఉన్నది ఆ పేరు కోసమే, పేరు మారినా బొమ్మ మారలేదు. నిడివి సరిపోక మరో పాట కావలసి వచ్చినప్పుడు, మిగతావారు భోజనానికి వెళ్లిన సమయంలో అయోమీ ‘పారనాయిడ్’ రిఫ్ (పాటలో పదేపదే వచ్చే గిటార్ వరుస) కట్టారు. బట్లర్ సాహిత్యాన్ని అంతే వేగంగా రాశారు. మూడు నిమిషాలు కూడా లేని ఆ పాట సింగిల్‌గా బ్రిటన్ అమ్మకాల పట్టికలో నాలుగో స్థానానికి చేరింది, ఆల్బం ఏకంగా మొదటి స్థానంలో నిలిచింది. వారికి స్వదేశంలో మళ్లీ మొదటి స్థానం దక్కింది 2013లో వచ్చిన ‘13’ ఆల్బంతోనే. విచిత్రమేమిటంటే ‘పారనాయిడ్’ అనే మాట ఆ పాట సాహిత్యంలో ఎక్కడా లేదు. బట్లర్ తాను అనుభవించిన కుంగుబాటును రాసుకున్నారు. ఆ స్థితికి వైద్యులు పెట్టిన పేరు కూడా తెలియని వయసులో రాసిన మాటలు కనుకనే కాబోలు, సంతోషమంటే ఏమిటో అందని మనిషి గొంతు వాటిలో అంత సూటిగా పలుకుతుంది.

2025 జూలై 5న ఆస్టన్‌లోని విల్లా పార్క్ మైదానంలో అసలు సభ్యులు నలుగురూ కలిసి చివరి కచేరీ చేసినప్పుడు వాయించినవి నాలుగే పాటలు. వాటిలో ‘వార్ పిగ్స్’, ‘ఐరన్ మ్యాన్’, ‘పారనాయిడ్’ మూడూ ఈ రెండో ఆల్బంలోనివే, ముగింపు ‘పారనాయిడ్’తోనే. ఆ నెల 22న ఆజీ కన్నుమూశారు.

అపోహ: మొదటి ఆల్బం విజయం తరువాత తీరిగ్గా, పెద్ద ఖర్చుతో చేసిన ఆల్బం ఇది.

వాస్తవం: మొదటి ఆల్బం 1970 ఫిబ్రవరిలో వచ్చింది, రెండోది సెప్టెంబరులో. మధ్యలో ఉన్నది ఏడు నెలలే, అందులోనూ కచేరీలే ఎక్కువ. తొలి ఆల్బంను దాదాపు ఒక్క రోజులో ముగించిన బృందానికి ఈసారి మరికొన్ని రోజులు దొరికాయి, అంతే. క్లబ్బుల్లో గంటల కొద్దీ వాయించవలసి వచ్చినప్పుడు సమయం నింపడానికి సాగదీసిన వాయింపుల నుంచే ‘వార్ పిగ్స్’ వంటి పాటలు రూపు దిద్దుకున్నాయి.

అపోహ: డిస్టార్షన్ (గిటార్ ధ్వనిలోని గరగర) ఎంత పెంచితే ఈ పాటలు అంత బరువుగా వినిపిస్తాయి.

వాస్తవం: వృత్తిరీత్యా నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే. అయోమీ వాడినది గిబ్సన్ ఎస్‌జీ గిటార్, లేనీ ఆంప్ (ధ్వనిని పెద్దది చేసే యంత్రం), వాటి మధ్య ట్రెబుల్‌ను, అంటే ధ్వనిలోని పదునును పెంచే ఒక చిన్న పెట్టె. ఇప్పటి పెడళ్లతో పోలిస్తే ఆ గెయిన్ (గరగర తెప్పించే మోతాదు) తక్కువే, అందువల్లనే కార్డులోని ప్రతి స్వరమూ విడిగా తెలుస్తుంది. బరువు వస్తున్నది ఖాళీల నుంచి. ‘వార్ పిగ్స్’ చరణంలో ‘డి’ నుంచి ‘ఈ’కి దూకే రెండు కార్డుల దెబ్బ పడగానే గిటారూ బాసూ పూర్తిగా ఆగిపోతాయి. డ్రమ్మర్ బిల్ వార్డ్ హై-హ్యాట్ (డ్రమ్ముల పక్కనుండే జంట తాళాలు) ఒక్కటే టిక్కుటిక్కుమంటూ నడుస్తుంటే దాని మీద ఆజీ గొంతు ఒంటరిగా పలుకుతుంది. ఆ నిశ్శబ్దం వల్లనే తరువాతి దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. ‘ఐరన్ మ్యాన్’లో దీనికి భిన్నమైన ఉపాయం ఉంది: గొంతు, గిటార్, బాస్ మూడూ ఒకే వరుసను పట్టుకుని కదులుతాయి కనుక ముగ్గురు మనుషుల బలం ఒకే గీత మీద పడుతుంది. ఈ రెండింటి నడుమ ‘ప్లానెట్ క్యారవాన్’ ఉన్న సంగతి చాలామంది మరచిపోతారు. డిస్టార్షన్ జోలికే పోని ఆ మెత్తని పాటలో ఆజీ గొంతును తిరిగే స్పీకర్ ద్వారా పంపడంతో నీటి అడుగు నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది.

అందుకని ‘వార్ పిగ్స్’ నేర్పేటప్పుడు నేను గెయిన్‌ను సగానికి తగ్గించి, కార్డు మోగిన వెంటనే రెండు చేతులతోనూ తీగలను నొక్కిపట్టి ఆపడం సాధన చేయిస్తాను. ఆపడం చేతకాని విద్యార్థికి ఆ పాటలో రెండో చరణం నేర్పను.