ఒంటరిగా దొరికితేనే దాడి

"యుద్ధం మనిషి రక్తంలోనే ఉందా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా గోంబే చింపాంజీల కథ చెబుతారు. టాంజానియాలోని ఆ అడవిలో చింపాంజీల పరిశోధకురాలు జేన్ గుడాల్ ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన గుంపు రెండుగా చీలింది. 1974 జనవరి 7న, విడిపోయిన గుంపులోని గోడీ అనే మగ చింపాంజీ ఒక్కటే కూర్చుని తింటుంటే, పాత గుంపు నుంచి ఎనిమిది వచ్చి మీద పడ్డాయి. అదిమిపట్టి, కొట్టి, కరిచి వెళ్లిపోయాయి. గోడీ మళ్లీ ఎవరికీ కనబడలేదు. నాలుగేళ్లలో ఆ చీలిక గుంపులోని మగవన్నీ అలాగే పోయాయి.

"చూశారా, పుట్టుకతో వచ్చిందే" అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ గోడీ ఒంటరిగా దొరకడమే ఇందులో అసలు కీలకం! చింపాంజీలు ఎప్పుడూ గుంపంతా కలిసి తిరగవు, పండ్లు ఎక్కడెక్కడ ఉంటే అక్కడికి చిన్న చిన్న జట్లుగా చీలిపోతాయి, అందుకే సరిహద్దు దగ్గర ఒక్కోసారి ఒకటి ఒంటరిగా తగులుతుంది, నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుంటే మిగతావాటికి గాయమయ్యే భయం దాదాపు ఉండదు. చింపాంజీల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త రిచర్డ్ రాంగమ్ చెప్పిన 'బలంలో తేడా' సిద్ధాంతం ఇదే.

దీన్ని పరీక్షించిన తీరు నాకు భలే నచ్చింది. ఉగాండాలోని కిబాలే అడవిలో స్పీకర్ పెట్టి, ముక్కూ మొహం తెలియని ఒక మగ చింపాంజీ అరుపు వినిపించారు. విన్న జట్టులో మగవి మూడో అంతకంటే ఎక్కువో ఉంటే అన్నీ కలిసి గట్టిగా అరుస్తూ స్పీకర్ వైపు నడిచాయి. అంతకంటే తక్కువుంటే చాలాసార్లు నోరు మెదపలేదు. అరుపు అదే, అడవీ అదే, మారింది పక్కనున్నవాళ్ల లెక్క! 2014లో 18 గుంపుల సమాచారం ఒకచోట చేర్చి చూస్తే కూడా దాడి చేసినవాటికీ బలైనవాటికీ మధ్య నిష్పత్తి సుమారు 8:1 అని తేలింది.

ఆకలైతే వేరు. తిండి దొరకకపోతే అది దానంతటదే పెరుగుతుంది, ఎదురుగా అన్నం ఉన్నా లేకపోయినా కడుపు కాలుతుంది. యుద్ధం అలాంటిది కాదు. పదేళ్లు పోరాడకపోయినా ఎవరికీ యుద్ధం మీద ఆకలి పుట్టదు. మనకు వారసత్వంగా ఏదైనా వచ్చి ఉంటే అది ఖర్చూ లాభం బేరీజు వేసుకునే తెలివి అని నా నమ్మకం. ఉగాది పంచాంగంలో కుజుడు రాజైతే యుద్ధాలొస్తాయని వినిపిస్తారు గానీ, కుజుడికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. బడిలోనూ చరిత్ర అంటే యుద్ధాల తేదీలే చెబుతాం, మధ్యలో గడిచిన శాంతి కాలానికి మార్కులుండవు, అందుకే పిల్లలకు యుద్ధమే సహజమనిపిస్తుంది.

కాంగో నదికి దక్షిణాన ఉండే, చింపాంజీల్లాంటివే అయిన బోనోబో వానరాలు మనకు చింపాంజీలంత దగ్గరి చుట్టాలే. వాటి జట్లు సాధారణంగా పెద్దవి, ఆడవి ఒక్కటిగా నిలిచి మగవాటిని అదుపులో పెడతాయి. పక్క గుంపు ఎదురైతే కలిసి తినడం కూడా చూశారు. ఒంటరిగా దొరికేవి తక్కువ కాబట్టి ఆ బేరమే కుదరదు.

మనుషుల విషయానికొస్తే సూడాన్‌లోని జెబెల్ సహాబా శ్మశానం ఉంది, వయసు 13 వేల ఏళ్ల పైమాటే. 2021లో అక్కడి 61 అస్థిపంజరాలను మళ్లీ పరిశీలిస్తే, కొందరి ఎముకల మీద మానిన గాయాలూ మానని గాయాలూ రెండూ కనిపించాయి. ఒక్క రోజు జరిగిన పెద్ద పోరు కాదది, ఏళ్ల తరబడి సాగిన చిన్న చిన్న దాడులు. అప్పట్లో నైలు లోయలో వాతావరణం తీవ్రంగా మారుతోంది, బతకడానికి అనువైన చోటు తగ్గిపోయింది.